చాలునా, చాలదా? – సమభాగాల లెక్కలు

లెక్కలలో రెండు రకాలున్నవి. జవాబు ఎంతో చెప్పమని అడిగేవి మొదటి రకం. జవాబు చెప్పడానికి కావలసిన సంగతులన్నీ మన చేతిలో ఉన్నవా, లేవా అని అడిగేవి రెండవ రకం. మన తరం వారు బడిలో మొదటి రకమే నేర్చుకొన్నారు. ఇప్పుడు మన యిళ్ళలో ఉద్యోగాలకు, పై చదువులకు పరీక్షలు వ్రాసే పిల్లలకు రెండవ రకం కూడా ఎదురవుతున్నది. ఇంగ్లీషులో దానిని డేటా సఫిషియెన్సీ అంటారు. తెలుగు పుస్తకాలలో దత్తాంశ పర్యాప్తత అని వ్రాస్తారు. పేరు బరువైనదే గాని సంగతి తేలిక. ‘ఇచ్చినది చాలునా, చాలదా?’ అంతే.

బ్యాంకు ఆఫీసర్ల పరీక్షలలో ఈ ప్రశ్నలు చాలాకాలంగా వస్తున్నవి. సివిల్ సర్వీసు ప్రిలిమినరీ రెండవ పేపరులో వస్తున్నవి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల ఐసెట్‌లో వీటికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉన్నది. విదేశాలలో వ్యాపార నిర్వహణ చదవదలచిన వారు వ్రాసే జీమాట్ పరీక్షలో 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో వీటిని గణిత భాగం నుండి తీసి వేరొక భాగంలో చేర్చారు గాని, వదలివేయలేదు. బ్యాంకు పరీక్షలో ఒక తప్పు జవాబుకు పావు మార్కు కోత. అందుచేత తెలియక తప్పు పెట్టడం కంటె, తెలిసినట్లు తొందరపడి తప్పు పెట్టడమే మన పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది.

కోయంబత్తూరు, మధుర ప్రాంతాల మన పిల్లలు తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకొంటారు. తెలుగు మనకు ఇంటి భాషగా నిలిచినది. అయితే పంపకం అనేది ఇంటి పనే గదా! వంతు, పాలు, సరిసమానం, మిగులు, తలా ఒకటి – ఈ మాటలన్నీ వంటయింట్లో పుట్టినవే. కనుక ఈ తరహా లెక్కలలో సమభాగాల లెక్కలను ఇంటి మాటలలోనే చెప్పుకొంటే, పరీక్షకూ పనికివచ్చును, భాషకూ మేలు కలుగును.

ప్రశ్న రూపం

ముందు ఒక ప్రశ్న ఉంటుంది. దాని క్రింద రెండు వాక్యాలు ఉంటవి. ఆ వాక్యాలు రెండూ నిజమే. అవి ఒకదానినొకటి ఖండించుకొనవు. జవాబు ఈ అయిదింటిలో ఒకటి.

క. మొదటి వాక్యం ఒక్కటే చాలును; రెండవది ఒక్కటే చాలదు.
ఖ. రెండవ వాక్యం ఒక్కటే చాలును. మొదటిది ఒక్కటే చాలదు.
గ. ఏ ఒక్కటీ చాలదు. రెండూ కలిస్తే చాలును.
ఘ. రెండింటిలో ఏదైనా ఒక్కటే చాలును.
ఙ. రెండూ కలిసినా చాలదు.

కొన్ని పరీక్షలలో ఈ అయిదు నాలుగుగా కుదించి ఉంటవి. వరుస మారి ఉంటుంది. ప్రశ్నపత్రం పైన ఇచ్చిన సూచన చదివిన తరువాతనే పెన్సిలు పట్టవలెను.

ఇక ఉదాహరణ. ఒక పళ్ళెంలో లడ్లున్నవి. వాటిని ఆరుగురు పిల్లలకు, విరగ్గొట్టకుండా, మిగలకుండా, సమంగా పంచగలమా?

(1) ఆ లడ్లను 12 మందికి మిగలకుండా సమంగా పంచవచ్చును.
(2) ఆ లడ్లను ముగ్గురికి మిగలకుండా సమంగా పంచవచ్చును.

బ్యాంకు పరీక్షకు చదువుతున్న మా అన్నగారి అమ్మాయి ఈ లెక్క చూచి, “చిన్నాయనా, లడ్లెన్నో చెప్పనేలేదే! లెక్క ఎట్లా చేసేది?” అన్నది. చేయనక్కరలేదన్నదే ఇందులోని కీలకం. పన్నెండు మందికి సరిగా వచ్చిన లడ్లు ఆరుగురికి తప్పక వచ్చును. ఇద్దరిద్దరి వంతులు కలిపి ఒక్కరికి ఇస్తే సరిపోయినది. లడ్లు 12 కానీ, 24 కానీ, 600 కానీ, జవాబు ‘అవును’. కనుక మొదటి వాక్యం చాలును. రెండవదానిని చూడండి. 9 లడ్లు ముగ్గురికి వచ్చును, ఆరుగురికి రావు. 12 లడ్లు ముగ్గురికీ వచ్చును, ఆరుగురికీ వచ్చును. ఒకసారి ‘కాదు’, ఒకసారి ‘అవును’ వచ్చినది కనుక రెండవ వాక్యం చాలదు. జవాబు: క.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. చాలదని చూపడానికి రెండు ఉదాహరణలు చాలును – ఒకటి ‘అవును’ అనేది, మరొకటి ‘కాదు’ అనేది. చాలునని చూపడానికి మాత్రం నూరు ఉదాహరణలు చూపినా చాలదు, కారణం చెప్పవలెను. పిల్లలు నాలుగు అంకెలు వేసి చూచి, నాలుగింటికీ ‘అవును’ వచ్చినదని ‘చాలును’ అని గుర్తు పెడతారు. అయిదవ అంకె వారిని ముంచును.

ఎక్కువగా దెబ్బతినే మూడు చోట్లు

మొదటిది, ‘కాదు’ అనేది కూడా జవాబే. ‘లడ్లను అయిదుగురికి మిగలకుండా పంచగలమా?’ అని ప్రశ్న. (1) పదిమందికి పంచితే 3 మిగులును. (2) ముగ్గురికి పంచితే 1 మిగులును. పదిమందికి పంచిన వాటిని అయిదుగురికి మార్చి పంచినా ఆ 3 లడ్లు అట్లే మిగులును. అయిదుగురికి ఎన్నటికీ సమంగా రాదని మొదటి వాక్యం గట్టిగా చెప్పుచున్నది. అడిగిన దానికి తిరుగులేని జవాబు దొరికినది. అది ‘కాదు’ అయినంత మాత్రాన సమాచారం తక్కువైనట్లు కాదు. రెండవ వాక్యం ప్రకారం 4 లడ్లు ఉండవచ్చును, 10 ఉండవచ్చును. నాలుగైతే కాదు, పదైతే అవును. అది చాలదు. జవాబు: క. చాలామంది ‘కాదు’ వచ్చినది గనుక ‘చాలదు’ అని గుర్తు పెడతారు. కచేరీలో ‘సెలవు లేదు’ అని వ్రాసి ఇచ్చినా అది ఉత్తరువే గదా!

రెండవది, గుణించి చూచుట. ‘24 మందికి పంచగలమా?’ అని ప్రశ్న. (1) నలుగురికి మిగలకుండా వచ్చును. (2) ఆరుగురికి మిగలకుండా వచ్చును. నాలుగు ఆర్లు ఇరువది నాలుగు కనుక రెండూ కలిస్తే చాలునని తొందరలో అనిపించును. కాని 12 లడ్లు చూడండి. నలుగురికి తలా 3, ఆరుగురికి తలా 2; ఇరవైనాలుగు మందికి మాత్రం చాలవు. 4కు, 6కు ఉమ్మడిగా 2 అనే కారణాంకం ఉన్నది. దానిని రెండుసార్లు లెక్క పెట్టకూడదు. 4, 6ల కనిష్ఠ సామాన్య గుణిజం 12 మాత్రమే. కనుక రెండు వాక్యాల వలన 12 మందికి వచ్చునని తేలును, 24 మందికి తేలదు. జవాబు: ఙ. ఆంధ్రదేశంలో నాలుగింటిని పుంజీ అంటారు. పుంజీలుగా పేర్చి, మళ్ళీ ఆరేసిగా పేర్చి చూచినంతలో ఇరవైనాలుగు వచ్చినట్లు కాదని చింతగింజలతో పిల్లలకు చూపవచ్చును.

మూడవది, మొదటి వాక్యం మనసులో పెట్టుకొని రెండవది చదువుట. రెండవ వాక్యాన్ని విడిగా తూచేటప్పుడు మొదటిది మరచిపోవలెను. దీనికి మంచి ఉపాయం, మొదటి వాక్యంపై అరచేయి ఉంచుట. రెండింటినీ విడివిడిగా తూచి, రెండూ చాలవని తేలిన తరువాతనే చేయి తీసి కలిపి చూడవలెను.

మొత్తం తెలియకుండానే తెలిసే సంగతులు

బడిలో నేర్చుకొన్న భాజనీయతా సూత్రాలు ఇక్కడ బాగా అక్కరకు వచ్చును. అంకెల మొత్తం 3 చేత భాగింపబడితే సంఖ్యయు 3 చేత భాగింపబడును. 9కి కూడ అంతే. 10 అంటే 9కి ఒకటి ఎక్కువ, 100 అంటే 99కి ఒకటి ఎక్కువ. అందువలన తొమ్మిదేసి తీసివేయగా ప్రతి స్థానంలోను ఆ అంకె మాత్రమే మిగులుతుంది. 4కి చివరి రెండంకెలు చూస్తే చాలును, 8కి చివరి మూడంకెలు.

ఉదాహరణకు, ఉత్సవ చందా వసూలు మూడంకెల రూపాయల సంఖ్య. దానిని 9 వీధులకు, పైసలు లేకుండా, సమంగా పంచవచ్చునా? ‘ఆ మూడంకెల మొత్తం 18’ అని ఒక వాక్యం చెప్పినది. వసూలు 585 కావచ్చును, 990 కావచ్చును. ఎంతో తెలియదు, అయినా తొమ్మిదికి వచ్చునని తెలిసినది. అడిగింది అంతే. అడగనిది వెదకుతూ కూర్చుంటే పరీక్షలో కాలం హరించును.

పాత రూపాయి, కొత్త రూపాయి

సమభాగాలకు కొన్ని సంఖ్యలు అనువుగా ఉంటవి, కొన్ని ఉండవు. మధురలో నాయక రాజ్యాన్ని 1529లో స్థాపించిన విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ మొదలియారు తోడ్పాటుతో దేశాన్ని 72 పాళెములుగా ఏర్పరచాడని, మధుర కోటకు 72 బురుజులు, ఒక్కొక్క బురుజుకు ఒక్కొక్క పాళెగాడు కావలి అని సంప్రదాయం. మన పూర్వులు ఎందరో ఈ సీమకు తరలివచ్చి స్థిరపడినది ఆ కాలంలోనే. 72ను 2, 3, 4, 6, 8, 9, 12, 18, 24, 36 – ఏ సంఖ్యతో భాగించినా శేషం రాదు. 70ని తీసుకొంటే 3కే నిలుచును.

రూపాయి సంగతీ అంతే. 1957 ఏప్రిల్ 1కి పూర్వం రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. అనగా 192 పైసలు. ముగ్గురు అన్నదమ్ములు రూపాయి పంచుకొంటే తలా 64 పైసలు, అంటే అయిదణాల నాలుగు పైసలు, మిగులు లేదు. దశాంశ నాణెములు వచ్చిన పిదప రూపాయికి నూరు నయాపైసలు. ముగ్గురికి తలా 33 పోగా ఒకటి మిగులును. అయిదుగురు అయితే తల్లక్రిందులు: పాత రూపాయి 192 వారికి సరిగా రాదు, కొత్త రూపాయి తలా 20గా వచ్చును. కనుక ‘ఒక రూపాయిని మిగలకుండా పంచవచ్చునా?’ అని అడిగితే ఎందరికి అని తెలియవలెను, ఏ రూపాయి అని కూడ తెలియవలెను. పై ఉదాహరణలలో రెంటిలో ఒకటి లేకున్నా ‘చాలదు’ అనుటే సరియైన జవాబు.

బాటసారులు, అరటిపండ్లు

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. దానిని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. లెక్కల గ్రంథాన్ని అంత పూర్వమే తమ భాషలో చదువుకొన్న వారు మన తెలుగువారు. మహావీరుని సంస్కృత గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదంతో వెలువరించారు.

అందులో ఒక లెక్క సారాంశం ఇది. ఒక వనంలో అరటిపండ్లు 63 సమానమైన రాసులుగా ఉన్నవి. విడిగా మరి 7 పండ్లు ఉన్నవి. అన్నిటినీ కలిపి 23 మంది బాటసారులు శేషం లేకుండా సమంగా పంచుకొన్నారు. రాసికి ఎన్ని పండ్లు?

రాసికి 5 అనుకోండి. 63 అయిదులు 315, విడివి 7, మొత్తం 322. ఇరవైముగ్గురికి తలా 14. సరిపోయినది. అయితే 28 అనుకొన్నా సరిపోవును: 1764కు 7 కలిపితే 1771, తలా 77. 51 అనుకొన్నా సరిపోవును: మొత్తం 3220, తలా 140. ఇట్లే 23 చొప్పున పెంచుకొంటూ పోవచ్చును. అన్నింటిలో చిన్న జవాబును పట్టుకొనే పద్ధతికి మనవారు కుట్టకము అని పేరు పెట్టారు; కుట్టుట అనగా పొడిచేయుట, పెద్ద సంఖ్యలను చిన్నవిగా పొడిచేసి సాధించుట. ఆర్యభటుడు 499లోనే ఈ పద్ధతి చెప్పాడు.

ఇదే లెక్కను నేటి పరీక్షలో ఇట్లా అడుగుతారు. 63 రాసులు, 7 విడి పండ్లు. రాసికి ఎన్ని? (1) మొత్తం 23 మందికి శేషం లేకుండా వచ్చినది. (2) రాసికి 25 కంటె తక్కువ పండ్లున్నవి. మొదటిది ఒక్కటే అయితే 5, 28, 51 ఏదైనా కావచ్చును, చాలదు. రెండవది ఒక్కటే అయితే 1 నుండి 24 వరకు ఏదైనా కావచ్చును, చాలదు. రెండూ కలిస్తే 5 ఒక్కటే నిలుచును. జవాబు: గ. ఆ 25ను 30గా మార్చి చూడండి. 5తో పాటు 28 కూడ లోపలికి వచ్చును. జవాబు ఙ అయిపోవును. ఒక్క అంకె మార్పుతో ‘చాలును’ అన్నది ‘చాలదు’ అయినది.

భాగహారంలో మరచిపోయే అంకె

పరీక్షను ప్రక్కన పెడదాము. ఇంటి ఆస్తి పంపకంలో విభాజ్యం అందరికీ తెలిసియే ఉంటుంది – ఇన్ని ఎకరాలు, ఇంత బంగారము. భాజకమే, అనగా ఎన్ని వంతులు అన్నదే, తెలిసినట్లు అనుకొంటాము.

కోయంబత్తూరు పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారికి నలుగురు కుమారులు. ఆస్తి నలుగురికి సమంగా పంచారని వింటే ఎవరైనా ఒక్కొక్కరిది నాలుగవ వంతు అని లెక్క కట్టుదురు. కాని 1926లో ఆ అన్నదమ్ములు ఆస్తిని అయిదు సమభాగాలు చేసి, నాలుగు తాము తీసుకొని, అయిదవ భాగాన్ని ధర్మానికి ఇచ్చారు. అదే పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థ అయినది. 1947లో వచ్చిన ఆర్ట్స్ కళాశాల, 1951లో వచ్చిన ఇంజనీరింగు కళాశాల ఆ ధర్మసంస్థవే. ‘కుమారులు నలుగురు’ అన్న వాక్యం నిజమే. భాగం ఎంతో చెప్పడానికి అది చాలలేదు.

ఇంకొక సంగతి మనలో చాలా యిళ్ళకు తగులును. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి 24 ఎకరాలు, తల్లిదండ్రులు గతించారు, కొడుకులు నలుగురు – తలా ఎంత? పెద్దలు వెంటనే ‘ఆరేసి ఎకరాలు’ అంటారు. శేషం లేకుండా వచ్చినది కనుక లెక్క సరియే అనిపించును. కాని ఇద్దరు ఆడపిల్లలున్నారనుకోండి. అప్పుడు వంతులు ఆరు, తలా నాలుగేసి ఎకరాలు. అదీ శేషం లేకుండానే వచ్చినది! శేషం సున్న అయినంత మాత్రాన భాజకం సరియైనదని అర్థం కాదు.

ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుండి, తమిళనాడు 1989 మార్చి 25 నుండి హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినవి. అప్పటికే వివాహమైన కుమార్తెలకు ఆ సవరణలు వర్తించలేదు. కేంద్ర ప్రభుత్వపు సవరణ 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చి, వివాహమైనదా కాలేదా అన్న భేదాన్ని తీసివేసినది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండవలెనన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి పూర్వమే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరాదు. కనుక ఇటువంటి ఆస్తి పంపకంలో ‘ఎన్ని ఎకరాలు, ఎందరు కొడుకులు’ అన్న రెండు వాక్యాలు చాలవు. ఆడపిల్లలెందరు, పాత పంపకం ఏదైనా జరిగినదా, జరిగితే ఎప్పుడు అన్నవి కూడ అడగవలెను. అవి అడిగి, తెలిసిన వకీలుకు చూపిన తరువాతనే భాగహారం. ఇంటి ఆడపడుచును లెక్కలో కలుపకుండా వేసిన భాగహారం కాగితంపై ఎంత చక్కగా ఉన్నా, అన్నాచెల్లెళ్ళ మధ్య ఏండ్ల తరబడి శేషంగా నిలిచిపోవును.

నేను వృత్తిచేత గుమాస్తాను. బల్ల మీదికి వచ్చే ప్రతి కాగితానికీ మొదటి పని, దానితో రావలసిన జత కాగితాలన్నీ వచ్చినవా అని చూచుట. నిర్ణయం తరువాతి మాట. ఈ లెక్కలు నేర్పేదీ ఆ అలవాటునే. రాత్రి భోజనాల వేళ రోజుకొక్క లెక్క, అదీ తెలుగులో, పెద్దవారు అడగండి. జవాబు చెప్పిన పిల్లను ‘ఎందుకు?’ అని ఇంకొక్క మాట అడగండి. ఆ రెండవ ప్రశ్నలోనే చదువంతా ఉన్నది.

ఇంటిలో చేసి చూడడానికి నాలుగు లెక్కలు

1. కొబ్బరికాయలను 15 మందికి మిగలకుండా పంచవచ్చునా? (1) అయిదుగురికి మిగలకుండా వచ్చును. (2) తొమ్మిదిమందికి మిగలకుండా వచ్చును.

2. అప్పడాలను 8 మందికి మిగలకుండా పంచవచ్చునా? (1) ఇద్దరికి మిగలకుండా వచ్చును. (2) నలుగురికి మిగలకుండా వచ్చును.

3. చీరలను 7 మందికి మిగలకుండా పంచవచ్చునా? (1) 14 మందికి పంచితే 3 మిగులును. (2) 21 మందికి పంచితే 10 మిగులును.

4. ఒక పెట్టెలో నూలు కోనులు 10కి పైన, 50కి లోపున ఉన్నవి. ఎన్ని? (1) ఆరుగురికి పంచితే 1 మిగులును. (2) ఎనిమిదిమందికి పంచితే 1 మిగులును.

జవాబులు: 1. గ – 5కు, 9కి వచ్చినది 45కు వచ్చును. కనుక 15కు వచ్చును. 2. ఙ – 4 అప్పడాలైతే రాదు, 8 అయితే వచ్చును. 3. ఘ – ఏ వాక్యం చూచినా ఏడుగురికి 3 మిగులును. కనుక ‘కాదు’ అని తేలినది. 4. ఙ – 25 కావచ్చును, 49 కావచ్చును. ‘40కి లోపు’ అని చెప్పి ఉంటే గ అయ్యెడిది.